"గుడికిచ్చిన డబ్బు నాకొచ్చినట్టు రాశారేమిటి?": అమెరికాలోని తెలుగు సంస్థల కోశాధికారులకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగువారి దేవాలయాల, సాంస్కృతిక సంఘాల, సేవాసంస్థల కార్యవర్గ సభ్యులకూ, ముఖ్యంగా కోశాధికారులకూ నమస్కారాలు.

నేను విశ్రాంత ఇంజినీరును. ఉద్యోగం విరమించిన నాటి నుంచి ఏటా ఫిబ్రవరి మొదటి వారం మొదలు ఏప్రిల్ 15 దాకా మా ఊరి గ్రంథాలయంలో, అమెరికా పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్ ఆధ్వర్యంలోని వీటా, టీసీఈ అనే పన్ను సహాయ కార్యక్రమాల కింద, పెద్దవాళ్ళకు ఉచితంగా పన్ను రిటర్నులు నింపిపెడుతున్నాను. ఏటా పరీక్ష రాసి ఉత్తీర్ణులైన స్వచ్ఛంద కార్యకర్తలే అక్కడ కూర్చోవాలి కాబట్టి, ఈ లేఖలో రాస్తున్న నియమాలు నేను చదివి, వాడి, తెలుసుకున్నవే. మీ సంస్థలకు మన పెద్దలు తమ రిటైర్‌మెంట్ ఖాతా నుంచి నేరుగా పంపే విరాళాల గురించీ, వాటికి మీరిచ్చే రశీదు గురించీ మీతో మాట్లాడాలని ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మార్చి నెలలో డెబ్బై ఆరేళ్ళ తెలుగావిడ ఒకరు నా బల్ల ముందు కూర్చున్నారు. భర్త పోయి మూడేళ్ళయింది. నగల దుకాణం వాళ్ళిచ్చిన గుడ్డ సంచిలో కాగితాలన్నీ తెచ్చి, ఒక్కొక్కటే తీసి, ముడతలు చేత్తో సాపు చేసి బల్ల మీద పెట్టారు. డబ్బు తీసుకుని రిటర్నులు నింపే ఒకాయన అప్పటికే ఆమెకు రిటర్న్ తయారు చేసి సంతకం పెట్టమన్నారట. పెట్టేముందు ఇంకెవరికైనా చూపిద్దామని వచ్చారు. ఆ ఏడాది ఆమె తన ఐఆర్‌ఏ అనే రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా నుంచి, ఆ వయసువారు ఏటా తప్పనిసరిగా తీయవలసిన 20,000 డాలర్లలో 12,000 డాలర్లను తాను ముట్టుకోకుండా గుడి అన్నదాన నిధికి నేరుగా పంపించమని ఆ ఖాతా నడిపే బ్రోకరేజీ కంపెనీకి రాసిచ్చారు, వాళ్ళు పంపించారు కూడా. రిటర్న్‌లో మాత్రం 20,000 డాలర్లూ ఆమె పన్ను కట్టవలసిన ఆదాయంగా కనిపిస్తున్నాయి. ఆ అంకె మీద వేలు పెట్టి, "గుడికిచ్చిన డబ్బు నాకొచ్చినట్టు రాశారేమిటి బాబూ?" అని అడిగారు.

ఆమె అడిగినదానికి జవాబు ఆ సంచిలోనే ఉంది. గుడి వాళ్ళు పంపిన రశీదు తీసి చూస్తే అందులో దాతగా ఉన్నది బ్రోకరేజీ కంపెనీ పేరు. "మీ ఉదార విరాళానికి కృతజ్ఞతలు, మీకూ మీ కుటుంబానికీ స్వామివారి ఆశీస్సులు" అని ఆ కంపెనీ తపాలా పెట్టెకు వెళ్ళిన ఉత్తరాన్ని, ఎవరో పుణ్యాత్ములు ఆమెకు తిప్పి పంపారు. చెక్కు నకలు చూస్తే పై ఎడమ మూలన పెద్ద అక్షరాలతో కంపెనీ పేరు, అడుగున మెమో గీత మీద చీమ తలకాయంత అక్షరాలతో ఆమె పేరు. విరాళాల జాబితాలో పేర్లు ఎక్కించిన స్వచ్ఛంద సేవకుడు పైన ఉన్న పేరు చూసి రాసుకున్నాడు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి పది గంటలకు కంప్యూటర్ ముందు కూర్చుని వందల చెక్కులు నమోదు చేసే ఆ మనిషిని నేను తప్పు పట్టను. కానీ ఆ పొరపాటు అలాగే ఉండిపోతే, 22 శాతం శ్రేణిలో ఉన్న ఆవిడ తన చేతికి రాని 12,000 డాలర్ల మీద కనీసం 2,640 డాలర్ల పన్ను కట్టవలసి వచ్చేది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని మన వాళ్ళు ఇలాంటి సందర్భాలకే అని ఉంటారు.

ఈ విరాళాన్ని ఇక్కడి చట్టం క్వాలిఫైడ్ చారిటబుల్ డిస్ట్రిబ్యూషన్ అంటుంది. అందరూ క్యూసీడీ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. 2006లో వచ్చిన పెన్షన్ సంరక్షణ చట్టంతో ఇది మొదలైంది. మొదట్లో తాత్కాలిక ఏర్పాటు. గడువు తీరడం, కాంగ్రెస్ మళ్ళీ పొడిగించడం, ఒక్కొక్కసారి డిసెంబర్ నెలాఖరు దాకా ఆ ఏడాదికి ఉందో లేదో తెలియకపోవడం జరిగేవి. 2015 డిసెంబర్‌లో దాన్ని శాశ్వతం చేశారు. డెబ్బై ఏళ్ళ ఆరు నెలలు నిండిన వ్యక్తి తన ఐఆర్‌ఏ నుంచి, ఆ ఖాతా నడిపే కంపెనీ ద్వారా, అర్హత గల ధార్మిక సంస్థకు నేరుగా సొమ్ము పంపితే, ఆ సొమ్మును అతని ఆదాయంలో కలపరు. ఏడాదికి ఒక మనిషికి ఉన్న పరిమితి చాలాకాలం లక్ష డాలర్లే. 2024 నుంచి ధరల పెరుగుదలను బట్టి పెంచుతున్నారు. 2025కు అది 1,08,000 డాలర్లు, 2026కు 1,11,000. భార్యాభర్తల్లో ఎవరి ఖాతా వారిది, ఎవరి పరిమితి వారిది. ఒకరికి మిగిలింది ఇంకొకరు వాడుకోవడానికి లేదు.

డెబ్బై ఏళ్ళ ఆరు నెలలన్న ఆ వయసు దగ్గర మన పెద్దలు చాలామంది పొరబడుతున్నారు. ఒకప్పుడు ఐఆర్‌ఏ నుంచి ఏటా తప్పనిసరిగా కొంత తీయడం మొదలుపెట్టవలసిన వయసూ అదే. 2019 చట్టం దాన్ని 72కు, 2022 చట్టం 73కు పెంచాయి. 2033లో 75 అవుతుంది. క్యూసీడీ వయసును మాత్రం ఎవరూ కదపలేదు. అందువల్ల డెబ్బై ఒక్కేళ్ళు నిండిన మనిషి తప్పనిసరిగా ఏమీ తీయనక్కరలేకపోయినా, ఇవ్వాలనుకుంటే ఈ దారిన ఇవ్వవచ్చు. అయితే 'డెబ్బై ఏళ్ళ ఆరు నెలలు నిండే సంవత్సరం' అని కాకుండా 'నిండిన తేదీ తర్వాత' అని చదువుకోవాలి. ఆ తేదీకి ఒక్క రోజు ముందు పంపినా అది మామూలుగా తీసుకున్న సొమ్మే అవుతుంది, పన్ను పడుతుంది.

దీనికీ మనకూ ప్రత్యేక సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. 1965 వలస చట్టం తలుపులు తెరిచాక గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు వైద్య కళాశాలల నుంచీ ఇంజినీరింగ్ కళాశాలల నుంచీ వచ్చిన మొదటి తరం ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటింది. ఐఆర్‌ఏ అనే ఖాతాను సృష్టించిన చట్టం 1974లో వచ్చింది; పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయం 1976లో వెలసింది. అంటే ఈ తరం జీతంలో కొంత ఆ ఖాతాల్లో దాచుకోవడమూ, వారాంతాల్లో గుళ్ళు కట్టుకోవడమూ ఒకే కాలంలో చేసింది. ఇల్లు అప్పు తీరిపోయి, పిల్లలు స్థిరపడి, వాళ్ళ దగ్గర ఇప్పుడు మిగిలిన పెద్ద ఆస్తి చాలావరకు ఆ ఖాతాల్లోనే ఉంది. జీవితంలో ఏనాడూ పన్ను పడని సొమ్ము అది, తీసిన రోజున పడుతుంది. వాళ్ళు దాన్నుంచి మీకు ఇవ్వాలనుకుంటున్నారు. చాలామంది ముందు తమ బ్యాంకు ఖాతాలోకి తీసుకుని, పన్ను కట్టి, మిగిలినదాంట్లోంచి మీకు చెక్కు రాస్తున్నారు, ఎందుకంటే మరో దారి ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

చెక్కు రాసి, ఆ విరాళాన్ని మినహాయింపుగా చూపించుకుంటే సరిపోదా అని మా బల్ల దగ్గర ప్రతి వారం ఎవరో ఒకరు అడుగుతారు. చాలామందికి సరిపోదు. 2025లో అరవై ఐదు దాటిన ఒంటరి వ్యక్తికి స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చులేవీ చూపించకుండానే ఆదాయంలోంచి తగ్గించే మొత్తం, 17,750 డాలర్లు. నేను చెప్పిన ఆవిడ లెక్కనే 2025కు వేసి చూస్తే, ఇంటి పన్ను దాదాపు 5,000, గుడికిచ్చింది 12,000, రెండూ కలిపినా 17,000. విడివిడిగా ఖర్చులు చూపించుకోవడం వల్ల ఆమెకు ఒక్క డాలరు కలిసిరాదు, ఎలాగూ వచ్చే స్టాండర్డ్ డిడక్షనే ఎక్కువ. క్యూసీడీ అయితే ఆ 12,000 ఆదాయంలోకే రాదు, స్టాండర్డ్ డిడక్షన్ పూర్తిగా మిగిలే ఉంటుంది. ఆదాయం తగ్గితే సోషల్ సెక్యూరిటీ పింఛనులో పన్ను పడే భాగం తగ్గవచ్చు. 2025 నుంచి 2028 దాకా అరవై ఐదు దాటినవారికి ఇచ్చిన 6,000 డాలర్ల అదనపు మినహాయింపు, ఒంటరి వ్యక్తికి 75,000 డాలర్ల ఆదాయం దాటాక కొంచెం కొంచెంగా కరిగిపోతుంది కాబట్టి, అది కూడా నిలబడవచ్చు. పెద్దవాళ్ళకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్ సంగతి మరీ ముఖ్యం. 2025లో అందులోని పార్ట్ బి అనే భాగానికి నెల రుసుము మామూలుగా 185 డాలర్లయితే, రెండేళ్ళ ముందు, అంటే 2023లో, ఒంటరిగా 1,06,000 డాలర్ల ఆదాయం దాటినవారికి కనీసం 259 డాలర్లు పడింది. ఆ గీతను ఒక్క డాలరు దాటినా ఏడాదికి 888 డాలర్లు అదనం. రిటర్న్‌లో విరాళాన్ని తప్పుగా ఆదాయంలో కలిపితే ఆ ఏడాది పన్నుతో పోదు. రెండేళ్ళ తర్వాత మెడికేర్ ఉత్తరం రూపంలో మళ్ళీ వస్తుంది.

ఇక రిటర్న్‌లో చూపించే పద్ధతి. జనవరి నెలాఖరుకు బ్రోకరేజీ కంపెనీ ఖాతాదారుకు 1099-ఆర్ అనే ఫారం పంపుతుంది. మొదటి గడిలో ఆ ఏడాది ఖాతా నుంచి బయటికి వెళ్ళిన మొత్తం ఉంటుంది. 2ఎ గడిలో, అంటే పన్ను పడే మొత్తం అన్న చోట, సాధారణంగా అదే అంకె మళ్ళీ ఉంటుంది. పక్కనే 2బి గడిలో, పన్ను పడే మొత్తం నిర్ణయించలేదని ఒక టిక్కు. ఏడో గడిలో 7 అన్న సంకేతం, అంటే మామూలుగా తీసుకున్న సొమ్ము అని అర్థం. ఇందులో 12,000 డాలర్లు గుడికి వెళ్ళాయని చెప్పే అక్షరం ఇన్నేళ్ళుగా ఆ ఫారంలో ఎక్కడా లేదు. అందుకు కారణం కూడా ఉంది: చెక్కు ఎవరి పేరున వెళ్ళిందో కంపెనీకి తెలుస్తుంది గానీ, పుచ్చుకున్న సంస్థ అర్హత గలదో కాదో, బదులుగా దాతకు ఏదైనా ఇచ్చిందో లేదో దానికి తెలియదు. అందుకని ఆ బాధ్యతను చట్టం దాత మీదే పెట్టింది.

దాత తన 1040 అనే రిటర్న్ ఫారంలో 4ఎ వరుసలో మొత్తం సొమ్ము రాయాలి, 4బి వరుసలో పన్ను పడే భాగం మాత్రమే రాయాలి. ఆవిడ విషయంలో 4ఎ దగ్గర 20,000, 4బి దగ్గర 8,000. మొత్తం విరాళమే అయితే 4బి దగ్గర సున్నా. 2024 సంవత్సరపు రిటర్న్ దాకా 4బి పక్కన క్యూసీడీ అని మూడక్షరాలు రాయాలనేది నియమం. 2025 ఫారంలో ఆ పనికోసం 4సి అని కొత్త వరుస, అందులో టిక్కు పెట్టే గడి వచ్చాయి. 1099-ఆర్‌లో కూడా ఏడో గడికి వై అన్న కొత్త సంకేతాన్ని ఐఆర్‌ఎస్ చేర్చింది, అయితే 2025కు దాన్ని వాడడం కంపెనీల ఇష్టానికి వదిలేసింది. కాబట్టి ఈ ఏడాది మీ దాతల్లో కొందరి ఫారాల్లో ఆ అక్షరం కనిపిస్తుంది, కొందరి ఫారాల్లో కనిపించదు. కనిపించకపోతే విరాళం చెల్లలేదని కాదు. కనిపించినంత మాత్రాన మీ రశీదుతో పనిలేదనీ కాదు. రిటర్నులు నింపే సాఫ్ట్‌వేర్ 1099-ఆర్‌లోని అంకెలను తనంతట తానే లాక్కుంటుంది, ఇందులో దానం ఉందా అని ఏదో ఒక తెరమీద ఒక్కసారి అడుగుతుంది. ఆ తెరను దాటేస్తే 20,000 కాస్తా 4బిలో కూర్చుంటుంది. ఆవిడ రిటర్న్‌లో జరిగింది అదే. నింపినాయన ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పాలని తెలియదు, ఆమె చేతిలోని రశీదు ఏమీ చెప్పలేదు.

ఈ విరాళానికి మామూలు విరాళానికి కావలసిన లాంటి లిఖిత రశీదే ఉండాలని చట్టం అంటోంది. 250 డాలర్లు, అంతకు మించిన ప్రతి విరాళానికీ, రిటర్న్ దాఖలు చేసే రోజుకు గానీ, పొడిగింపులతో సహా దాఖలుకు ఆఖరి రోజుకు గానీ, ఏది ముందైతే ఆనాటికి ఆ రశీదు దాత చేతిలో ఉండాలి. తర్వాత తెప్పించుకున్న ఉత్తరం చెల్లదు. నేను పెద్దవాళ్ళకు ఎంత శ్రద్ధగా రిటర్న్ నింపినా ఈ కాగితాన్ని సృష్టించలేను. అది మీరొక్కరే ఇవ్వగలరు.

అందువల్ల మీకు నా మొదటి విన్నపం రశీదులోని మాటల గురించి. చెక్కు మీద బ్రోకరేజీ కంపెనీ పేరు కనిపిస్తే, అది కంపెనీ ఇచ్చిన విరాళం కాదని ముందు గుర్తించండి. మెమో గీత, చెక్కుతో వచ్చిన చీటీ, కవరు వెతికితే దాత పేరు దొరుకుతుంది. దొరక్కపోతే ఆ కంపెనీకి ఫోన్ చేయండి, గుడి సభ్యుల జాబితాలో అడగండి. రశీదు దాత పేరున రాయండి. సొమ్ము ఆ వ్యక్తి ఐఆర్‌ఏ నుంచి ఫలానా కంపెనీ ద్వారా నేరుగా అందిందనీ, అందిన తేదీ, మొత్తం ఎంత అనీ, దీనికి బదులుగా దాతకు వస్తువు గానీ సేవ గానీ ఏదీ ఇవ్వలేదనీ రాయండి. మీ సంస్థ చట్టబద్ధమైన పూర్తి పేరు, పన్ను గుర్తింపు సంఖ్య వేయండి. చాలా సంస్థల రశీదు అడుగున ఎప్పటి నుంచో అచ్చయి ఉన్న 'ఈ విరాళానికి పూర్తి పన్ను మినహాయింపు వర్తిస్తుంది' అన్న వాక్యాన్ని ఈ రశీదులో మాత్రం తీసేయండి. క్యూసీడీకి మినహాయింపు ఉండదు, ఆదాయంలో కలపకపోవడమే దాని లాభం. ఆ వాక్యం చదివి, ఒకే సొమ్మును 4బిలో తీసేసి మళ్ళీ మినహాయింపులు రాసే షెడ్యూల్ ఎ లోనూ చూపించుకున్న పెద్దమనిషిని నేను చూశాను. ఆయన మోసగాడు కాదు, మీ కాగితాన్ని నమ్మాడు.

గుప్తదానం చేసే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. పేరు గోడ మీద వద్దు, వెబ్‌సైట్‌లో వద్దు అంటారు. వాళ్ళ మాట తప్పక మన్నించండి. కానీ గుప్తదానమన్న కారణంతో రశీదే ఇవ్వకపోవడం వాళ్ళకు చేటు. బయట పేరు చెప్పకుండానే వాళ్ళ ఇంటికి ఒక కవరు పంపవచ్చు.

రెండో విన్నపం, బదులుగా ఇచ్చేవాటి గురించి. మామూలు విరాళంలో 500 డాలర్ల టికెట్టుకు 80 డాలర్ల భోజనం పెడితే, భోజనం ఖరీదు తీసేసి మిగిలిన 420కి మినహాయింపు దొరుకుతుంది. క్యూసీడీలో అలాంటి వెసులుబాటు లేదు: భోజనం ఖరీదు ఉన్నందువల్ల మొత్తం 500 డాలర్లూ క్యూసీడీ కాకుండా పోతాయి. కాబట్టి వార్షిక విందు బల్లలకూ, నాటకానికో సంగీత విభావరికో టికెట్లకూ, కల్యాణ మండపం అద్దెకూ, వేలంపాటలో పాడిన చీరకూ ఈ చెక్కులు దయచేసి జమ చేయకండి. ఐదు వేలిచ్చిన దాతలకు ముందు వరుస టికెట్లు రెండు ఊరకే పంపే మర్యాద మన సంఘాల్లో మామూలే. ఆ మర్యాద ఇక్కడ దాతకు నష్టం తెస్తుంది. ప్రసాదం, తీర్థం, స్వామివారి ఆశీర్వచనం మీద ఏ బెంగా అక్కరలేదు; అవి లౌకికమైన ఖరీదు కట్టే వస్తువులని ఎవరూ అనరు. రాతి ఫలకం మీద దాత పేరు చెక్కించడం కూడా అడ్డం కాదు.

మూడోది కాలం సంగతి. డిసెంబర్ చివరి రెండు వారాల్లో మీ కార్యకర్తలకు ఊపిరి సలపదని నాకు తెలుసు: ధనుర్మాస పూజలు, ముక్కోటి ఏకాదశి, జనవరి ఒకటిన దర్శనానికి పార్కింగ్ స్థలం దాటి రోడ్డు మీదికి వచ్చే వరుస. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దవాళ్ళ చెక్కులు మీ తపాలా పెట్టెలో పడతాయి. కొందరి ఐఆర్‌ఏలకు చెక్కు పుస్తకం ఉంటుంది, ఖాతాదారే రాసి పంపుతారు. అలాంటి చెక్కును మీరు బ్యాంకులో వేసి, అది డిసెంబర్ 31 లోపల వాళ్ళ ఖాతాలోంచి చెల్లితేనే ఆ ఏడాది తీసినట్టు లెక్క. జనవరి ఐదున తపాలా పెట్టె తెరిస్తే, ఆ పెద్దమనిషి ఆ ఏడాది తప్పనిసరిగా తీయవలసిన మొత్తం తీయనట్టే అవుతుంది; లోటు మీద 25 శాతం జరిమానా, సకాలంలో సరిదిద్దుకుంటే 10 శాతం. కనీసం డిసెంబర్ 20 నుంచి 30 వరకు రోజు విడిచి రోజు ఆ పెట్టె తెరిచే బాధ్యత ఒకరికి అప్పగించండి. అలాగే నవంబర్ లోపలే పంపమని పెద్దలకు ముందుగా చెప్పండి. ఇంకో సంగతి కూడా చెప్పండి: ఏడాదిలో ముందు తీసిన సొమ్మే తప్పనిసరి మొత్తానికి జమ అవుతుంది. జనవరిలోనే మొత్తమంతా తన ఖర్చులకు తీసేసుకున్న మనిషి డిసెంబర్‌లో క్యూసీడీ పంపితే అది క్యూసీడీయే, కానీ జనవరిలో తీసినదాని మీద పన్ను అలాగే ఉంటుంది. ఇవ్వదలచుకున్నవాళ్ళు ముందు ఇచ్చి, తర్వాత తీసుకోవడం మేలు.

మీ సంస్థకు అర్హత ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. 501(సి)(3) అనే లాభాపేక్ష లేని సంస్థ గుర్తింపు ఉన్నంత మాత్రాన సరిపోదు. ప్రైవేటు ఫౌండేషన్లలో చాలావాటికీ, మరో సంస్థకు ఆసరాగా పెట్టిన సపోర్టింగ్ సంస్థలకూ, దాత సలహా మీద పంచే డోనర్ అడ్వైజ్డ్ నిధులకూ క్యూసీడీ వెళ్ళకూడదు. ఊళ్ళో ఉన్న బడికి, చెరువు గట్టున ఉన్న రామాలయానికి, తిరుమలకు నేరుగా పంపడం కూడా ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే అవి అమెరికా చట్టం గుర్తించిన సంస్థలు కావు. తెలుగు రాష్ట్రాల్లో కంటి శిబిరాలో పాఠశాలలో నడిపే అమెరికా సంస్థకు ఇవ్వవచ్చు, సొమ్ము ఎలా ఖర్చు చేయాలన్న నిర్ణయం ఆ సంస్థదే అయి ఉండాలి. మా ఊరి బడికే ఈ ఐదు వేలూ చేర్చాలి, మీరు మధ్యలో అందించండి అన్న షరతుతో పుచ్చుకోకండి. పుట్టిన ఊరి మీద మమకారంతో పెద్దలు అలా అడుగుతారు, కాదనడం కష్టమని నాకు తెలుసు.

ఇవి కాక ఖాతాదారులు చూసుకోవలసినవి ఒకటి రెండున్నాయి. ఉద్యోగం ద్వారా వచ్చే 401(కె) రిటైర్‌మెంట్ ఖాతా నుంచి క్యూసీడీ కుదరదు, ముందు ఐఆర్‌ఏలోకి మార్చుకోవాలి. డెబ్బై ఏళ్ళ ఆరు నెలలు దాటాక ఐఆర్‌ఏలో సొమ్ము వేసి దానికి మినహాయింపు తీసుకున్నవారికి క్యూసీడీలో ఆ మేరకు కోత పడుతుంది. కంపెనీ చెక్కును ఖాతాదారు ఇంటికి పంపినా పరవాలేదు, అది సంస్థ పేరున ఉండి, ఆ మనిషి దాన్ని మీకు చేరవేస్తే చాలు. చెక్కు ఖాతాదారు పేరున ఉంటే మాత్రం, తర్వాత ఎంత ఇచ్చినా అది క్యూసీడీ కాదు. అందుకే ఖాతాదారు రాసిచ్చే ఫారంలో మీ చట్టబద్ధమైన పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. అందరూ పిలిచే గుడి పేరు ఒకటి, రాష్ట్రంలో నమోదైన పేరు మరొకటి అయిన చోట్ల చెక్కులు తిరిగి వెళ్ళడం నేను చూశాను. ఆ పేరు, చిరునామా, పన్ను గుర్తింపు సంఖ్య ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, ఆఫీసు కిటికీ దగ్గర, అర్చన టికెట్ల పక్కన పెట్టండి. వెబ్‌సైట్‌లో పెడితే సరిపోతుందనుకోకండి. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్ళి కొడుకునో కూతుర్నో అడిగి ఫారం నింపించుకునేవాళ్ళే మీ దాతల్లో ఎక్కువ.

ఆవిడ విషయం ఏమైందో చెప్పాలి. ఆ రశీదుతో రిటర్న్ పంపడానికి నాకు మనసొప్పలేదు. ఆమె గుడికి మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి ఎత్తిన కోశాధికారి, నలభై ఏళ్ళ యువకుడు, విషయం విని ఆ రాత్రే పాత చెక్కుల నకళ్ళన్నీ తిరగేశాడు. ఆమెది కాక అలాంటివి ఇంకో పదకొండు దొరికాయట, అన్నిట్లోనూ దాతగా బ్రోకరేజీ కంపెనీలే ఉన్నాయి. పన్నెండు మందికీ కొత్త ఉత్తరాలు వెళ్ళాయి. ఏప్రిల్ 9న ఆమె మళ్ళీ గ్రంథాలయానికి వచ్చి, కవరు కూడా చించకుండా నా చేతికిచ్చారు. 4ఎ దగ్గర 20,000, 4బి దగ్గర 8,000, పక్కన క్యూసీడీ అని రాసి, ఆ రశీదు నకలు ఆమె దస్త్రంలో పెట్టి, ఆనాడే రిటర్న్ పంపించాము. ఉత్తరంలో దాత పేరు దగ్గర తన పేరు చూసుకుని, దాని కిందే తన భర్త పేరు కూడా వేయించవచ్చా అని ఆమె అడిగారు. ఖాతా ఆమెది కాబట్టి రశీదులో కుదరదని చెప్పాను. అన్నదానం ఆయన పేరు మీద జరిపించమని గుడికి విడిగా చీటీ రాసిచ్చారు.

రిటర్న్ దాఖలు చేసేశాక తప్పు తెలిసినవారికి కూడా దారి ఉంది. సరైన రశీదు అప్పటికే చేతిలో ఉండి, నింపినవారి పొరపాటు వల్ల 4బిలో మొత్తం పడినట్టయితే, దాఖలు చేసిన నాటి నుంచి మూడేళ్ళలోపు 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్ పంపి, ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇద్దరికి నేను అలా తెప్పించాను. రశీదే తప్పుగా ఉన్నవారికి మాత్రం నేను ధైర్యంగా చెప్పగలిగింది ఏమీ ఉండదు, అందుకే ఈ లేఖ నేను పెద్దలకు కాకుండా మీకు రాస్తున్నాను.

2025 రిటర్న్ దాఖలుకు గడువు 2026 ఏప్రిల్ 15. మీ దాతల్లో ఇంకా రిటర్న్ పంపనివాళ్ళు చాలామంది ఉంటారు. ఈ వారాంతంలో ఒక్క సాయంత్రం కేటాయించి, నిరుడు జనవరి నుంచి డిసెంబర్ దాకా బ్రోకరేజీ కంపెనీల పేరున, బ్యాంకు ట్రస్టు విభాగాల పేరున నమోదైన ప్రతి విరాళాన్నీ మీ పట్టికలోంచి బయటికి తీయండి. ప్రతిదాని వెనక ఉన్న మనిషిని కనుక్కుని, వారి పేరున, పైన చెప్పిన మాటలతో కొత్త రశీదు రాసి తపాలాలో వేయండి. ఈమెయిలు మాత్రమే పంపకండి, వాళ్ళలో చాలామంది చూడరు. ఎనభై దాటినవారికి ఒక్క ఫోన్ కూడా చేసి, 'మీ రిటర్న్ నింపేవారికి ఈ కాగితం తప్పక చూపించండి' అని తెలుగులో చెప్పండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
గ్రంథాలయంలో పెద్దలకు రిటర్నులు నింపిపెట్టే ఒక స్వచ్ఛంద కార్యకర్త